ఆయిస్టర్లను 36 గంటలు ట్యాంకులో ఉంచితే వైరస్ పోతుందా?

విభాగం: ఆహారం – ఆరోగ్యం

కాలువగట్టు · సిడ్నీ

అందరికీ నమస్కారం. సెలవులకి ఫోర్‌స్టర్ వైపు వెళ్తున్నాం. నాన్నగారు ఇండియా నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. అక్కడ వాలిస్ లేక్ అనే సరస్సు ఒడ్డున ఆయిస్టర్ (పచ్చిగా తినే ఒక రకం సముద్రపు గుల్ల) ఫారాలు ఉన్నాయి కదా, అక్కడికక్కడే చిప్ప విప్పి నిమ్మచెక్కతో ఇస్తారు. మా ఆవిడా పెద్దపాపా పచ్చివి ఇష్టంగా తింటారు.

నాన్నగారికి చాలాకాలం భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉండేవి. "మురుగు తగిలిన నీళ్ళలో పెరిగినదాన్ని రెండ్రోజులు మంచినీళ్ళలో పెడితే లోపలున్నదంతా బయటికొచ్చేస్తుందా?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. వెతికితే డిప్యూరేషన్ అనే పద్ధతి కనపడింది. శుభ్రమైన సముద్రపు నీటిని యూవీ దీపాల మీదుగా తిప్పుతూ, ఆ ట్యాంకులో ఆయిస్టర్లని ఉంచుతారట. బ్యాక్టీరియా పోతుందని అందరూ రాశారు కానీ వైరస్ విషయంలో తలోమాట చెప్తున్నారు. ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఎవరైనా కాస్త వివరంగా చెప్పగలరా?

నిమ్మచెక్క · మెల్‌బోర్న్

మేం ఎప్పటినుంచో తింటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. నిమ్మరసం బాగా పిండి, పైన రెండు చుక్కలు ఘాటు సాస్ వేస్తే ఏ క్రిమీ మిగలదు. ఇక్కడ టెస్టులు చాలా గట్టిగా చేస్తారు బ్రదర్, టెన్షన్ పెట్టుకోకండి.

పెట్రిప్లేట్ · కొచ్చి

ముందు నిమ్మరసం సంగతి తేల్చేద్దాం. ఆయిస్టర్ల ద్వారా మనుషులకి వచ్చే వైరస్‌లలో ముఖ్యమైనవి రెండు: వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్, కాలేయానికి సోకి కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ. నోటి ద్వారా వెళ్ళి, మన కడుపులోని ఆమ్లాన్ని దాటుకుని పేగుదాకా చేరగలిగినవి ఇవి. వాటిని నిమ్మరసం ఏం చేస్తుంది? రెండింటికీ పైన కొవ్వు పొర ఉండదు, అందుకే ఆల్కహాల్‌కి కూడా అంత తేలిగ్గా లొంగవు. పక్కన వైన్ తాగితే సరిపోతుందనే మాట కూడా అలాంటిదే.

ఇక కాలువగట్టు గారి నాన్నగారి ప్రశ్న. చాలా సరైన చోట పట్టుకున్నారు.

ఆయిస్టర్, మస్సెల్, క్లామ్ అనే ఈ రెండు చిప్పల గుల్లలన్నీ నీటిని వడగట్టి అందులోని నలుసుల్ని తిని బతికేవే. అనుకూలమైన పరిస్థితుల్లో పెద్ద ఆయిస్టర్ ఒక్కటే రోజుకి 150 లీటర్లకు పైగా నీటిని వడగట్టగలదు. నీళ్ళలో మనిషి మలం తాలూకు వైరస్ కొద్దిగా ఉన్నా, దాని జీర్ణగ్రంథిలో పోగుపడుతుంది. చేపకైతే పొట్ట తీసి పారేస్తాం, ఆయిస్టర్‌ని పొట్టతో సహా మింగేస్తాం. తేడా అంతా ఇక్కడే ఉంది.

శుభ్రమైన సముద్రపు నీటి ట్యాంకులో పెట్టినప్పుడు ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో చాలా వరకు బయటికి వచ్చేస్తుంది. నోరోవైరస్ అలా రాదు. మన రక్తం గ్రూపుల్ని నిర్ణయించే చక్కెర అణువుల్లాంటివే ఆయిస్టర్ జీర్ణ కణజాలంలోనూ ఉంటాయి. 2006లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించింది ఏమిటంటే, వాటిలో 'A' గ్రూపు తరహా అణువులకి నోరోవైరస్ అతుక్కుపోతుందని. అందుకే ఎన్ని నీళ్ళు తిప్పినా వారాల తరబడి లోపలే ఉండిపోగలదు. యూవీ దీపం ట్యాంకు నీటిని శుద్ధి చేస్తుంది తప్ప ఆయిస్టర్ కడుపులోకి వెళ్ళి శుద్ధి చేయదు.

సర్టిఫికెట్ మీద "ఈ.కోలై పరిమితిలోపే ఉంది" అని ఉంటే అది అబద్ధమేమీ కాదు. కాకపోతే అది వైరస్ గురించి చెప్పిన మాట కాదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం 100 గ్రాముల మాంసానికి 230 ఈ.కోలై. యూరప్‌లో అన్నిటికన్నా శుభ్రమైన 'A' తరగతి నీళ్ళకి కూడా కొలమానం అదే. అలాంటి యూరప్‌లోనే ఆహార భద్రతా సంస్థ ఎఫ్సా 2016 నుంచి 2018 దాకా చేయించిన సర్వేలో, ఆయిస్టర్లు పెంచే చోట తీసిన శాంపిళ్ళలో 34.5 శాతంలో నోరోవైరస్ ఆనవాళ్ళు కనపడ్డాయి. ట్యాంకుల దశ దాటి మార్కెట్‌కి వెళ్ళే కేంద్రాల దగ్గర కూడా 10.8 శాతం.

హంటర్_నది · న్యూకాసిల్, న్యూ సౌత్ వేల్స్

కాలువగట్టు గారూ, మీరు వెళ్తున్న సరస్సులోనే ఇది జరిగింది. మీరు ప్రశ్నలో రాసిన 36 గంటలూ అక్కడివే.

1996 నవంబర్ చివర్లో వాలిస్ లేక్ చుట్టుపక్కల పెద్ద వాన పడింది. ఊళ్ళోని సెప్టిక్ ట్యాంకులు, ఒడ్డున ఉన్న క్యారవాన్ పార్కుల మురుగు, వాననీటి కాలువలు ఇలా అనేక దారుల్లో మలినం సరస్సులో కలిసే అవకాశం ఉంది. రైతులు వాన రోజుల్లో ఆయిస్టర్లు తీయడం ఆపారు. తర్వాత తీసినవాటిని అప్పటి రూలు ప్రకారం 36 గంటలు డిప్యూరేషన్ ట్యాంకుల్లో పెట్టే మార్కెట్‌కి పంపారు. 1997 మొదట్లో వరసగా హెపటైటిస్ ఎ కేసులు బయటపడ్డాయి. 400 మందికి పైగా జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు.

రూలు తప్పినవాళ్ళ వల్ల ఇది జరగలేదు. రూలు పాటిస్తూ ఉండగానే జరిగింది. ట్యాంకు మీద పెట్టుకున్న నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో అప్పుడు బయటపడింది.

తర్వాత బాధితులు కోర్టుకెళ్ళారు. కింది కోర్టు రైతులు, స్థానిక కౌన్సిల్, రాష్ట్ర ప్రభుత్వం ముగ్గురినీ తప్పుపట్టింది. 2002లో ఇక్కడి హైకోర్టు, అంటే ఈ దేశంలో అన్నిటికన్నా పై కోర్టు, కౌన్సిల్‌కీ రాష్ట్రానికీ బాధ్యత లేదని తీర్పు చెప్పింది. చట్టం దృష్టిలో ఆ వాదన నాకు అర్థమవుతుంది. ఒప్పుకోవడం మాత్రం కష్టంగానే ఉంది. సెప్టిక్ ట్యాంకులు తనిఖీ చేసే అధికారం రైతుకి లేదు కదా? సరస్సు ఒడ్డున ఎన్ని ఇళ్ళు కట్టాలో, వాటి మురుగు ఎటు పోవాలో రైతు నిర్ణయించడు. నష్టపోయేది మాత్రం ఆయనా, తిన్నవాళ్ళూ.

చెరువుగట్టు · భీమవరం

హంటర్ నది గారు రాసింది చదువుతుంటే కడుపు రగిలింది. మాకు ఇక్కడ ఇదే కథ వేరే రూపంలో ఉంటుంది. పై ఊళ్ళో ఎవరో డ్రెయిన్‌లోకి వదిలిన నీళ్ళే కింద ఊరి చెరువులకి దిక్కు. వాళ్ళ చెరువులో జబ్బుంటే మన చెరువులోకి వస్తుంది, పట్టుబడికి నెల ముందే అంతా పోతుంది. ఎవర్ని అడగాలి?

ఒక అనుమానం. మా ఆవిడ ఈ టాపిక్ చూసి, రొయ్యలక్కూడా వైరస్‌లుంటాయిగా, మరి అవి తింటే మనకి వస్తాయా అని భయపడుతోంది. పెట్రిప్లేట్ గారూ, వైట్ స్పాట్ వచ్చిన చెరువు రొయ్య తింటే మనిషికి ప్రమాదమా?

పెట్రిప్లేట్ · కొచ్చి

లేదండీ, ఆవిడని భయపడొద్దని చెప్పండి. వైట్ స్పాట్ రొయ్యల్లాంటి జీవులకి వచ్చే జబ్బు, మనుషులకి సోకదు. ఆయిస్టర్‌లో జరిగేది దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. నోరోవైరస్ ఆయిస్టర్‌కి జబ్బు చేయదు, అందులో పెరగదు కూడా. మనిషి నుంచి వచ్చి, ఆయిస్టర్‌లో ఆగి, మళ్ళీ మనిషి దగ్గరికే వెళ్తుంది. ఆయిస్టర్ ఆరోగ్యంగా, తాజాగా, మంచి వాసనతో ఉన్నా లోపల వైరస్ ఉండొచ్చు. పైగా రొయ్యని మనం నరం తీసి, బాగా ఉడికించి తింటాం.

హ్యూస్టన్_గోదారి · టెక్సాస్

మా ఊరి అనుభవం కూడా చెప్తాను. 2022 డిసెంబర్‌లో గాల్వెస్టన్ బే ఆగ్నేయ భాగంలో టీఎక్స్ 1 అనే ప్రాంతంలో తీసిన ఆయిస్టర్లు తిని జనం నోరోవైరస్‌తో జబ్బుపడ్డారు. నవంబర్ 17 నుంచి డిసెంబర్ 7 వరకు అక్కడ తీసినవేవీ తినొద్దని, అమ్మొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. అవి అప్పటికే ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరోలినా దాకా వెళ్ళాయి. మా ఆఫీసులో ఒకాయన అప్పుడే ఒక రెస్టారెంట్‌లో తిని మూడు రోజులు మంచం దిగలేదు. అవి ఏ ప్రాంతానివో మాకు తెలియదు కాబట్టి దానికీ దీనికీ ముడిపెట్టను. కాకపోతే అప్పటినుంచి నేను ట్యాగ్ చూపించమని అడగడం మొదలుపెట్టాను.

ఈ ట్యాగ్ గురించి చాలామందికి తెలియదు. అమెరికాలో ఆయిస్టర్ సంచి ప్రతిదానికీ తడిసినా చిరగని చీటీ ఒకటి కట్టి ఉంటుంది. తీసినవాళ్ళ లైసెన్స్ నంబర్, ఏ నీళ్ళలో తీశారో ఆ ప్రాంతం పేరు, ఏ రోజు తీశారు, ఏ రకం, ఎంత అని రాసి ఉంటుంది. సంచి ఖాళీ అయ్యేదాకా ట్యాగ్ దానికే ఉండాలి, ఖాళీ అయ్యాక 90 రోజులు దాచాలి అని దాని మీదే అచ్చేస్తారు. మా దగ్గరి కొట్టులో కౌంటర్ వెనక ఒక మేకుకి ఈ ట్యాగులన్నీ తేదీల వరసలో గుచ్చి పెడతారు. అడిగితే విసుక్కోకుండా తీసి చూపించారు. అలా చూపించే చోటే కొంటాను. 2022లో ఆ ప్రాంతం పేరూ ఆ తేదీలూ చెప్పి సరుకు వెనక్కి పిలవగలిగారంటే ఇలాంటి చీటీల వల్లే.

ఈ వ్యవస్థకి మూలం 1924 చలికాలంలో ఆయిస్టర్ల వల్ల న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్‌లలో ప్రబలిన టైఫాయిడ్. మరుసటి ఏడాదే నీళ్ళను తనిఖీ చేసి తరగతులుగా విడగొట్టే జాతీయ కార్యక్రమం పెట్టారు.

ఇంకొకటి. మురుగు అనగానే మనకి ఊరి డ్రైనేజీ గుర్తొస్తుంది. 1993 నవంబర్‌లో లూసియానా ఆయిస్టర్ల వల్ల నోరోవైరస్ అనేక రాష్ట్రాలకి పాకింది. ఆరా తీస్తే, ఆయిస్టర్లు తీసే పడవల్లోని మనుషులే మలాన్ని నేరుగా నీళ్ళలోకి వదులుతున్నట్టు తేలింది. వాళ్ళలో జబ్బుపడ్డవాళ్ళు కూడా ఉన్నారు. పడవలో మూతతో ఉన్న టాయిలెట్ బకెట్ ఉంటే ఆగిపోయే విషయం! ఇప్పుడు అది పెట్టుకోవడం తప్పనిసరి.

వార్డు_రౌండ్స్ · గుంటూరు

90 రోజులే ఎందుకో డాక్టరుగా చెప్తాను. నోరోవైరస్ అయితే తిన్న 12 నుంచి 48 గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. హెపటైటిస్ ఎ కి 15 నుంచి 50 రోజులు పడుతుంది, సగటున నాలుగు వారాలు. కామెర్లు కనపడేసరికి, నెల కింద ఏం తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? చీటీ కూడా లేకపోతే ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పటికీ తేలదు.

ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద ఘటన 1988 తొలి నెలల్లో షాంఘైలో జరిగింది. దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్ ఎ వచ్చింది. పక్క రాష్ట్రం తీరంలోని చీడాంగ్ నుంచి వచ్చిన ఒక రకం గుల్లలు కారణం. వాటిని అక్కడి వాళ్ళు మరిగే నీళ్ళు ఒక్కసారి పోసి, సగం పచ్చిగా తినేవాళ్ళు. ఆస్పత్రులు సరిపోక స్కూళ్ళలోనూ ఫ్యాక్టరీల్లోనూ మంచాలు వేయాల్సి వచ్చింది.

కాలువగట్టు గారికి ఒక మాట. మీ నాన్నగారి తరంలో చాలామందికి హెపటైటిస్ ఎ చిన్నప్పుడే తెలియకుండా వచ్చిపోయి ఉంటుంది, అలా వస్తే జీవితాంతం రక్షణ ఉంటుంది. మీ పాప పుట్టిపెరిగింది అక్కడే అయితే ఆ రక్షణ ఉండకపోవచ్చు. టీకా ఉంది, ఆరు నెలల తేడాతో రెండు డోసులు. పచ్చి ఆయిస్టర్లు తినే అలవాటున్నా, ఇండియా ప్రయాణం ఉన్నా మీ జీపీతో (ఫ్యామిలీ డాక్టరుతో) మాట్లాడండి. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు పచ్చివి ముట్టకూడదు. ఇక్కడ వైరస్ ఒక్కటే కాదు, విబ్రియో అనే బ్యాక్టీరియా కూడా ఉంది. అది వెచ్చటి నీళ్ళలో సహజంగానే పెరుగుతుంది, లివర్ దెబ్బతిన్నవాళ్ళకి ప్రాణాంతకం.

ఇంట్లో ఒకరికి నోరోవైరస్ వస్తే శానిటైజర్‌ని నమ్ముకోవద్దు. సబ్బుతో, పారే నీళ్ళతో చేతులు కడగాలి. వాంతి పడ్డ నేలని బ్లీచ్ కలిపిన నీళ్ళతో తుడవాలి. వంద లోపు కణాలు చాలు ఇంకొకరికి అంటుకోవడానికి.

నిమ్మచెక్క · మెల్‌బోర్న్

ఇంత ఉందని తెలియదు, పెట్రిప్లేట్ గారికి థాంక్స్. మరి ఉడికించి తింటే సరేనా? మేం మస్సెల్స్ ఆవిరి మీద పెట్టి, చిప్పలు విచ్చుకోగానే దించేస్తాం. ఎక్కువసేపు ఉంచితే రబ్బరులా అయిపోతాయి.

పెట్రిప్లేట్ · కొచ్చి

చిప్ప విచ్చుకోవడం ఉడికిందనడానికి గుర్తు కాదండీ. వేడికి దాని కండరం పట్టు వదిలేస్తుంది, అంతే. 1967లోనే ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన పరిశీలన ఉంది. ఆవిరిలో క్లామ్స్ మొదటి నిమిషంలోనే విచ్చుకున్నాయి, మాంసం లోపలిదాకా వేడెక్కడానికి 4 నుంచి 6 నిమిషాలు పట్టింది. హెపటైటిస్ ఎ కొంత వేడిని తట్టుకుంటుంది కాబట్టి పరిశ్రమలో అనుసరించే లెక్క, మాంసం మధ్యలో 90 డిగ్రీలు, అది 90 సెకన్లు. ఇంట్లో అయితే ఆవిరి బాగా పట్టాక ఆరు నిమిషాలు ఉంచండి, గిన్నెలో కిక్కిరిసి వేయకండి. కాస్త గట్టిపడతాయి, నిజమే. మలబారు వైపు మస్సెల్స్‌ని మసాలా పట్టించి ఉడికించి, మళ్ళీ వేయిస్తారు. వాళ్ళ వంటలో ఈ సమస్యే రాదు.

ఫ్రీజర్‌లో పెడితే వైరస్ చావదు, ఇంకా భద్రంగా ఉంటుంది. పచ్చిదనం పోకుండా వైరస్‌ని చంపే దారి ఒకటుంది: అధిక పీడనం. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో వాలంటీర్లకి నోరోవైరస్ ఎక్కించిన ఆయిస్టర్లు తినిపించి మరీ చూశారు. 400 మెగాపాస్కల్ పీడనం సరిపోలేదు. 600 దగ్గర, 6 డిగ్రీల చలిలో, 5 నిమిషాలు ఉంచితే ఎవరికీ సోకలేదు. ఆ యంత్రం కొనే స్తోమత చిన్న రైతుకి ఉండదు.

టెస్టు గురించి కూడా రాస్తాను, ఎందుకంటే "ప్రతి ఆయిస్టర్‌కీ టెస్టు చేయొచ్చుగా" అని తరచూ అడుగుతారు. ఐఎస్ఓ 15216 అనే అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతిలో కనీసం పది ఆయిస్టర్లు విప్పి, ఒక్కోదాని నుంచి గోధుమరంగు జీర్ణగ్రంథిని మాత్రం స్కాల్పెల్‌తో వేరుచేస్తాం. పక్క మాంసం అంటుకోకుండా తీయడంలోనే చెయ్యి తిరగాలి. దాన్ని సన్నగా తరిగి 2 గ్రాములు తూచి, ప్రోటీనేజ్ కె అనే ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఊపుతూ ఉంచుతాం. ముందే అందులో మెంగో అనే హానిలేని వైరస్ కొంత కలుపుతాం. చివర్లో అది ఎంత తిరిగొచ్చిందో చూస్తేనే మధ్యలో వైరస్‌ని ఎంత పోగొట్టుకున్నామో తెలుస్తుంది. ఆ తర్వాత ఆర్‌ఎన్‌ఏ తీసి పీసీఆర్. ఇంతా చేస్తే వచ్చే అంకె వైరస్ జన్యుపదార్థానిది. అది బతికున్న వైరస్‌దో చచ్చినదో పీసీఆర్ చెప్పలేదు. అందుకే టెస్టు ఒక్కటే మనల్ని కాపాడదు. ఈ.కోలై కన్నా వైరస్‌కి దగ్గరగా ప్రవర్తించే ఫేజ్‌లని, అంటే బ్యాక్టీరియాకి సోకే వైరస్‌లని, కొన్నిచోట్ల సూచికగా వాడుతున్నారు. అమెరికాలో మురుగు ఒలికిన ప్రాంతాన్ని 21 రోజుల లోపు తెరవాలంటే 100 గ్రాముల మాంసంలో ఆ ఫేజ్‌లు 50కి మించకూడదని పెట్టుకున్నారు. నా దృష్టిలో ఈ.కోలై అంకె ఒక్కటే చూసే దేశాలన్నీ ఈ దారికి రావాలి.

ఉప్పుటేరు · కాకినాడ

మా వైపు గుల్లలు తినేవాళ్ళు తక్కువ. కాకినాడ బేలో ఏరిన గుల్లలు ఎక్కువగా సున్నానికి పోయేవి. ఈమధ్య పట్నాల్లో సీఫుడ్ హోటళ్ళు పెరిగాయి, తినేవాళ్ళూ పెరుగుతున్నారు. కేరళలో అష్టముడి సరస్సు క్లామ్ వేటకి 2014లో అంతర్జాతీయ సుస్థిరత సర్టిఫికెట్ వచ్చింది, మన తీరంలోనూ పెంపకం మొదలుపెడదామని మాట్లాడుతున్నారు. ఆదాయం వస్తుంది, మంచిదే. కానీ ఊరి డ్రైన్ల నీళ్ళు ఉప్పుటేరులో కలిసి సముద్రంలోకి పోవడం రోజూ చూసేవాణ్ణి. పెంపకానికి చోటు చూపించేముందు ఆ నీళ్ళలో ఏముందో ఏడాది పొడుగునా, ముఖ్యంగా వానాకాలంలో, చూడాలి. ఎగువన మురుగుశుద్ధి ప్లాంటు లేకుండా దిగువన ఆయిస్టర్ తాళ్ళు వేలాడదీస్తే, ఎవరికైనా జబ్బు చేసినరోజు నింద గుల్లలు ఏరే ఆడవాళ్ళ మీదే పడుతుంది.

చెరువుగట్టు · భీమవరం

ఉప్పుటేరు అన్నా, సరిగ్గా చెప్పారు. మురుగు వదిలేవాడికి ఫైన్ లేదు, మందు కొట్టలేదేమని రైతుకి నోటీసు.

కాలువగట్టు · సిడ్నీ

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. పాపకి వివరంగా చెప్పాం, ఈసారికి తను గ్రిల్ చేసినవే తింటానంది. టీకాకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. హంటర్ నది గారూ, ఇప్పుడు వాలిస్ లేక్ పరిస్థితి ఎలా ఉంది? అక్కడి రైతులు ఆ దెబ్బ నుంచి తేరుకున్నారా?

హంటర్_నది · న్యూకాసిల్, న్యూ సౌత్ వేల్స్

తేరుకున్నారండీ. 1997 తర్వాతే మా రాష్ట్రంలో ఆయిస్టర్ నీళ్ళన్నిటికీ తప్పనిసరి నాణ్యతా కార్యక్రమం వచ్చింది. ముందు తీరమంతా నడిచి ఎక్కడ ఏ పైపు నీళ్ళలోకి తెరుచుకుంటుందో, ఏ సెప్టిక్ ట్యాంకు కారుతుందో రాసుకుంటారు. దాన్ని బట్టి ప్రతి ప్రాంతానికీ వాన, లవణీయత హద్దులు పెడతారు. వాన ఆ హద్దు దాటినా, నీటిలో ఉప్పు శాతం పడిపోయినా ఆ ప్రాంతం మూసేస్తారు. మళ్ళీ నీళ్ళూ మాంసం టెస్టులూ బాగుంటేనే తెరుస్తారు. ఇప్పుడు కొన్నిచోట్ల ఉప్పు శాతాన్ని క్షణక్షణం చూపించే సెన్సర్లు కూడా నీళ్ళలో ఉన్నాయి. 2014–15లో దేశమంతటా ఆయిస్టర్ ప్రాంతాల్లో శాంపిళ్ళు తీసి చూస్తే నోరోవైరస్ గానీ హెపటైటిస్ ఎ గానీ ఒక్కదాంట్లోనూ దొరకలేదు. యూరప్ అంకెల పక్కన పెట్టి చూడండి, మురుగుకి దూరంగా పెంచడం వల్ల ఎంత తేడా వస్తుందో.

మీరు వెళ్ళే వారం వాన పడితే ఫారంలో అడగండి: ఈ ప్రాంతం ఇప్పుడు తెరిచే ఉందా, ఇవి ఏ రోజు తీసినవి అని. నాకు తెలిసిన రైతులు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు, బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి తేదీలు చూపిస్తారు. మీ నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్ళండి, నీళ్ళ గురించి ఆయన అడిగేవాటికి జవాబు చెప్పడం వాళ్ళకీ ఇష్టంగానే ఉంటుంది.